తెర కొనేముందు కంటిని అడగండి

ఈమధ్య ఒకనాడు నల్లగొండ దగ్గరి పల్లెనుంచి ఒక తండ్రీ కొడుకూ నా ఔట్‌పేషెంటు గదికి వచ్చారు. కుర్రవాడు ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరం. సాయంత్రమయ్యేసరికి తలనొప్పి, కళ్ళమంట.

"సార్, ఫోన్ల ఆట బందు పెట్టమంటే ఇంటలేడు. ఇప్పుడు కంప్యూటర్ కొనియ్యి, పెద్ద తెరది కావాలంటుండు. పెద్దదైతే కండ్లు ఇంకా ఖరాబు గావా?" అన్నాడాయన.

"గేమింగ్ మానిటరైతే కండ్లకు మంచిదట సార్" అని కొడుకు గొణిగాడు.

ఇటువంటి ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్ళలో వినిపిస్తోంది. అందుకే ఈ వారం దానిగురించే చెబుతాను. ఆ కుర్రవాణ్ణి ముందు గోడమీది అక్షరాల పట్టిక చదవమన్నాను. కింది మూడు వరుసలు చదవలేకపోయాడు. అద్దాలు అవసరమైన కన్ను అద్దాలు లేకుండా రోజంతా తంటాలు పడుతోందన్నమాట. కాబట్టి మొదటి సలహా ఇదే: మానిటరుకు డబ్బు కట్టేముందు కంటి పరీక్ష చేయించండి. ప్రభుత్వాసుపత్రిలో దీనికి ఖర్చు లేదు. తక్కువ పవరు ఉన్న కన్నుకు ఎంత ఖరీదైన తెర తెచ్చినా తలనొప్పి తగ్గదు.

ఫోనుకంటె మానిటరు నయమా?

నయమే. తండ్రులు భయపడే దానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. ఫోనును పిల్లలు జానెడు దూరంలో పట్టుకుంటారు. మానిటరు చేయి చాచినంత దూరంలో ఉంటుంది. వస్తువు ఎంత దగ్గరైతే కంటిలోపలి చిన్న కండరం అంత బిగుసుకుని పనిచెయ్యాలి. గంటలకొద్దీ బిగిసే ఉంటే అలసిపోతుంది. ఎదిగే పిల్లల్లో దగ్గరిచూపు పని ఎక్కువై, ఎండ వెలుతురులో గడిపే సమయం తగ్గినకొద్దీ హ్రస్వదృష్టి పెరుగుతుందని ఇప్పుడు బాగా తెలిసింది. కనుక తెర మారినంతమాత్రాన సరిపోదు. రోజుకు రెండు గంటలైనా పిల్లవాడు ఆరుబయట ఉండాలి. మన ఎండల్లో అది పొద్దున, సాయంత్రం అయితే మేలు.

ఎంత పెద్దది కొనాలి?

ముందు మీ బల్ల లోతు కొలవండి. కంటికీ తెరకూ మధ్య 50 నుంచి 75 సెంటీమీటర్లు ఉండాలి. రెండడుగుల బల్లకు 24 అంగుళాల తెర చక్కగా సరిపోతుంది. దాని వెడల్పు సుమారు 53 సెంటీమీటర్లు. తల తిప్పకుండా చూపు ఈ చివరనుంచి ఆ చివరకు పోతుంది. బల్ల ఇంకా లోతుంటే 27 అంగుళాలదాకా పోవచ్చు.

తరువాత చూడవలసింది చుక్కలు, అంటే పిక్సెళ్ళు. 24 అంగుళాల తెరమీద 1920 x 1080 చుక్కలుంటే అంగుళానికి 92 వస్తాయి. అవే చుక్కలు 27 అంగుళాల తెరమీద పరిస్తే అంగుళానికి 82కి పడిపోతాయి. 27 కొనేవారు 2560 x 1440 ఉన్నది తీసుకుంటే 109 వస్తాయి. ఇంగ్లీషు అక్షరాలకు ఈ తేడా అంతగా తెలియదు. మన తెలుగులో వత్తులు, గుడులు చిన్నవి. చుక్కలు పలచబడితే అవి అలుక్కుపోతాయి. దుకాణంలో ఆట బొమ్మలు చూపిస్తే మురిసిపోకండి. తెలుగు పత్రిక పేజీ ఒకటి తెరమీద పెట్టించి, చేతిదూరంలో నిలబడి చదవండి. వత్తులకోసం కళ్ళు చికిలించవలసి వస్తే ఆ తెర మీకు వద్దు.

ఈ సంగతి నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. కొన్నేళ్ళ క్రితం పెద్దదైతే గొప్పనుకుని 32 అంగుళాల 1080 తెర కొని రెండడుగుల బల్లమీద పెట్టాను. అంగుళానికి 70 చుక్కలైనా లేవు. నెల తిరక్కుండా మెడనొప్పి వచ్చింది. ఇప్పుడది టీవీలాగా గోడకు వేలాడుతోంది.

హెర్ట్జ్‌ల లెక్క

సికింద్రాబాద్ సి.టి.సి.కి వెళ్ళినా, మన ఊరి దుకాణానికి వెళ్ళినా మొదట వినిపించేవి 60, 100, 144, 240 అనే అంకెలు. సెకనుకు ఎన్నిసార్లు తెర బొమ్మను మారుస్తుందో చెప్పే అంకెలివి. లెక్కలు రాసుకోవటానికి, పాఠాలు వినటానికి, సినిమా చూడటానికి 60 లేక 75 చాలు. వేగంగా పరుగెత్తి కాల్చే ఆటలకు 100 నుంచి 144 ఉంటే కదలిక నున్నగా కనిపిస్తుంది. అంతకు మించినవి పోటీల్లో ఆడేవారికి. పైగా కంప్యూటరు అన్ని బొమ్మలు తయారు చెయ్యలేకపోతే తెరకు పెట్టిన డబ్బు వృథా. ఇది ఆట సుఖానికి సంబంధించిన అంకె. కంటికి మందుగా దీన్ని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

తెరల రకాల్లో, ఇంటిల్లిపాదీ వాడేదానికి ఐ.పి.ఎస్. మేలు. పక్కనుంచి చూసినా రంగు మారదు. పోచంపల్లి, గద్వాల చీరలకు కంప్యూటరుమీద డిజైన్లు గీసుకునే ఇళ్ళలో ఇది మరీ అవసరం. తెర మెరిసే అద్దంలాగా కాక, వెలుతురును తిప్పికొట్టని గరుకు పూత ఉన్నది తీసుకోండి.

కంటిని నిజంగా బాధించేవి

ఒకటి, మినుకుమినుకు. కొన్ని తెరలు వెలుగు తగ్గించినప్పుడు వెనకదీపాన్ని అతివేగంగా ఆర్పుతూ వెలిగిస్తాయి. కంటికి తెలియకపోయినా కొందరికి తలనొప్పి వస్తుంది. వెలుగును పావువంతుకు తగ్గించి ఫోను కెమేరాలోంచి చూడండి. తెరమీద నల్లచారలు పాకుతూ కనిపిస్తే అనుమానించాలి. పక్కా పరీక్ష కాకపోయినా దుకాణంలో పనికొస్తుంది. "ఫ్లికర్ ఫ్రీ" అని రాసి ఉన్నది వెతకండి.

రెండు, వెలుతురు. కిటికీ మీకు ఎదురుగాగాని, వీపు వెనకగాని ఉండకూడదు, పక్కన ఉండాలి. తెర వెలుగు గది వెలుగుతో సమానంగా ఉండాలి. చీకటిగదిలో ఆట వద్దు.

మూడు, రెప్పలు. మామూలుగా నిమిషానికి సుమారు 15 సార్లు కొట్టుకునే రెప్పలు తెరముందు సగానికి తగ్గిపోతాయి. కన్ను ఎండిపోతుంది. మన వేసవి వడగాలికి కూలరు గాలి ముఖాన తగులుతుంటే మరీనూ. 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరాన ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి, రెప్పలు గట్టిగా ఆడించండి.

మరి నీలికాంతి? దానికోసం ప్రత్యేక అద్దాలు అమ్ముతున్నారు. 2023లో కాక్రేన్ సంస్థ పరిశోధనలన్నిటినీ కలిపి సమీక్షించింది. ఆ అద్దాలవల్ల కంటి అలసట తగ్గుతుందనటానికి ఆధారం దొరకలేదు. ఆ డబ్బు మంచి కుర్చీకి పెట్టండి. అయితే రాత్రి ప్రకాశమూ ఆట ఉద్రేకమూ కలిసి నిద్రను వెనక్కు నెట్టేమాట నిజం. పడుకునే గంట ముందే తెర ఆర్పాలి.

ఎక్కడ పెట్టాలి?

తెర పైఅంచు మీ కంటికి సమానంగా, లేదా కాస్త కిందుగా ఉండాలి. ఎత్తు మార్చుకునే స్టాండు ఉంటే మంచిది. లేకపోతే కింద ఒక పీట వేయండి.

నలభై దాటినవారికి ఒక మాట. 2018 ఆగస్టు 15న మొదలైన కంటివెలుగు శిబిరాల్లో చాలామంది చదువుకునే అద్దాలు తీసుకున్నారు. అవి చేతిలోని పుస్తకానికి సరిపోయేవి. మానిటరు దూరానికి మసకగా ఉంటాయి. రెండు భాగాల అద్దాలవారు గడ్డం పైకెత్తి చూసి మెడనొప్పి తెచ్చుకుంటారు. మీరు తెరను ఇంకాస్త కిందికి దించండి, లేదా ఆ దూరానికి వేరే అద్దాలు రాయించుకోండి. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఏళ్ళతరబడి ఫ్లోరైడు నీళ్ళు తాగిన పెద్దలకు మెడ బిగుసుకుపోతే ఆ నేరం తెరమీద మోపకుండా డాక్టరుకు చూపించండి.

రెండు హెచ్చరికలు

1997 డిసెంబరు 16న జపానులో ఒక పోకెమాన్ కార్టూను టీవీలో వస్తుండగా, వేగంగా మెరిసిన ఎరుపు, నీలం వెలుగులకు ఫిట్స్‌వంటి లక్షణాలతో ఆరువందలమందికి పైగా పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉంటే ఆటల తెర కొనేముందు డాక్టరును అడగండి. ఆడుతుండగా కళ్ళు చెదిరినట్టు, ఒళ్ళు తూలినట్టు అనిపిస్తే వెంటనే ఒక కన్నును అరచేత్తో పూర్తిగా మూసి, తెరనుంచి ముఖం తిప్పుకోవాలి.

రెండోది, ఆట వ్యసనం. 2022 జనవరి 1నుంచి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో ఇదొక జబ్బు. ఆటమీద అదుపు తప్పటం, చదువుకంటె నిద్రకంటె ఆటే ముఖ్యం కావటం, నష్టం కనబడుతున్నా ఆపలేకపోవటం దాని లక్షణాలు. వేసవి సెలవుల్లో నాలుగురోజులు ఎక్కువ ఆడినవాడికి ఈ పేరు పెట్టకండి. నెలలతరబడి అలాగే ఉంటే కొట్టకండి, తిట్టకండి, మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళండి.

ఆ తండ్రీ కొడుకూ రెండు నెలల తరువాత మళ్ళీ వచ్చారు. కుర్రవాడికి అద్దాలు వచ్చాయి. 24 అంగుళాల తెర వచ్చింది. తలనొప్పి పోయింది. "ఆట మాత్రం పోలే సార్" అన్నాడు తండ్రి నవ్వుతూ. పోనక్కరలేదు. ఇదివరకు దుప్పటి కింద అర్ధరాత్రిదాకా సాగిన ఆట ఇప్పుడు ముందుగదిలో, అందరి ఎదుట, రాత్రి తొమ్మిదింటికి ముగుస్తోంది. మీరు కూడా మానిటరు కొంటే, దాన్ని ఏ గదిలో పెట్టాలో ముందే అనుకుని కొనండి.