టీ కప్పుకీ లెక్కుంది!

ఎన్నికల సభకి జనం కంటే ముందే ఓ వీడియో కెమెరా వచ్చేస్తుంది. నాయకుడి ప్రసంగం ఒక్కటే కాదు, కుర్చీలెన్ని, షామియానాలెన్ని, బయట ఆగిన వాహనాలెన్ని... అన్నీ దానికి కావాలి. తర్వాత ఆ వీడియో చూసి మరో బృందం లెక్క కడుతుంది. కుర్చీకి ఇంత, టీకి ఇంత, భోజనానికి ఇంత అని జిల్లా ఎన్నికల అధికారి ముందే ధరల పట్టిక సిద్ధంచేసి ఉంచుతారు మరి. తేలిన మొత్తం షాడో రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. అభ్యర్థి రాసుకున్న పద్దుని ప్రచారం ముగిసేలోగా కనీసం మూడుసార్లు దాంతో సరిచూస్తారు. తేడా వస్తే నోటీసే!

ఇంత హడావుడీ పరిమితి దాటకుండా చూడ్డానికే. 2022 జనవరిలో పెంచిన ప్రకారం తెలుగు రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలు, అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలు ఖర్చు పెట్టుకోవచ్చు. నియోజకవర్గం చిన్నదా పెద్దదా అన్నది చూడరు. 2024లో మల్కాజిగిరిలో ఓటర్లు 37 లక్షల పైమాటే. ఆ 95 లక్షల్నీ పంచితే తలా రెండున్నర రూపాయలు. టీకి కూడా చాలవు!

మరి ఎవరూ గీత దాటడం లేదా? 2009లో తన ఎన్నికకి 8 కోట్లు ఖర్చయిందని బీజేపీ నేత గోపీనాథ్ ముండే 2013లో ఓ సభలో అనేశారు. అప్పటి పరిమితి 25 లక్షలు. ఆయనిచ్చిన లెక్కలో ఉన్నది 19 లక్షల చిల్లర. ఎన్నికల సంఘం నోటీసిచ్చింది.

అసలు కంత మాత్రం వేరేచోట ఉంది. ఢిల్లీ సదర్ నుంచి 1971లో గెలిచిన అమర్‌నాథ్ చావ్లా ఎన్నికని సుప్రీంకోర్టు 1974 అక్టోబరులో రద్దుచేసింది. ఆయన కోసం పార్టీ పెట్టిన ఖర్చునీ ఆయన ఖాతాలోనే వేయాలంది. అంతే, కొద్దిరోజులకే ఆర్డినెన్సు వచ్చింది... పార్టీ ఖర్చు అభ్యర్థిది కాదంటూ! 2003లో దాన్ని కొంత బిగించారు. కానీ పార్టీ మొత్తంగా ఎంత ఖర్చు పెట్టాలన్నదానికి మాత్రం హద్దే పెట్టలేదు. ఆ డబ్బు ఎవరిచ్చారో తెలియకుండా దాచిన ఎన్నికల బాండ్లని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో కొట్టేసింది. అది రాబడి సంగతి. ఖర్చు సంగతి అలాగే ఉంది.

స్టార్ ప్రచారకుల ప్రయాణాలూ పార్టీ ఖాతాలోవే. గుర్తింపు ఉన్న పార్టీకి అలాంటివాళ్లు 40 మంది దాకా ఉండొచ్చు. అయితే వాళ్ల హెలికాప్టర్‌లో అభ్యర్థి కూడా ఎక్కాడో, ప్రయాణ ఖర్చులో సగం అతని లెక్కలోకి వచ్చేస్తుంది. ఒకే వేదిక మీద కనిపించినా సభ ఖర్చులో వాటా తప్పదు. దాంతో వేదిక ఎక్కాలా, కిందే కూర్చోవాలా అని ఆలోచించే అభ్యర్థులూ ఉంటారు.

ఆ హెలికాప్టర్ కింద రోడ్డుమీదేమో చెక్‌పోస్టులు. మిర్చి అమ్మిన సొమ్ముతో ఊరికెళ్లే రైతుకీ, పెళ్లి బంగారం కొనబోయే తండ్రికీ అక్కడే గుబులు. 50 వేలు దాటిన నగదుకి కాగితాలు అడుగుతారు. యార్డు రసీదో, బ్యాంకు పాస్‌బుక్కో, పెళ్లి పత్రికో దగ్గరుంచుకోవడం మేలు. ఒకవేళ డబ్బు పట్టుకున్నా కంగారుపడక్కర్లేదు. ఆ ఫిర్యాదులు చూడ్డానికి ప్రతి జిల్లాలో ముగ్గురు అధికారుల కమిటీ ఉంటుంది. ఆధారాలు చూపిస్తే, ఎన్నికలతో సంబంధం లేదని తేల్చుకుని డబ్బు తిరిగిచ్చేస్తారు.