అద్దం మీది చారలు

పిల్లలూ, కారు అద్దాన్ని నీళ్లు పోసి కడిగి, గుడ్డతో తుడిచి, ఎండలో వదిలేసి చూడండి. తడిగా వున్నంత సేపూ తళతళా మెరుస్తుంది. ఆరగానే తెల్లని చారలూ, చుక్కలూ తేలుతాయి. మళ్లీ కడిగితే మళ్లీ చారలే! ఇంత కడిగినా ఈ మురికి ఎక్కడి నుంచి వచ్చింది?

నీళ్లలో నుంచే వచ్చింది.

నమ్మకం లేకపోతే ఒక పరీక్ష చేయండి. ముఖం చూసుకునే అద్దం మీద ఒక పక్క బోరు నీటి చుక్క, మరో పక్క వాన నీటి చుక్క వేయండి. వాన నీరు దొరకకపోతే, బ్యాటరీలో పోసేందుకు సీసాలో అమ్మే డిస్టిల్డ్ వాటరు అయినా సరే. (బ్యాటరీలోది కాదు సుమా, అందులో ఆమ్లం వుంటుంది!) కదపకుండా ఆరనివ్వండి. వాన చుక్క దాదాపు జాడ లేకుండా పోతుంది. బోరు చుక్క వున్న చోట తెల్లని వలయం మిగులుతుంది. రాళ్ల మధ్య నుంచి ఊరివచ్చే నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి వుంటాయి. నీరు ఆవిరైపోతుంది, లవణాలు ఆవిరి కాలేవు గనక అద్దానికే అంటుకుంటాయి. నీళ్లు కాచే కాగు అడుగున పేరుకునే తెల్లని పొర కూడా ఈ బాపతే.

మరి అది చుక్క అంతటా పరుచుకోక, అంచున గీత గీసినట్టు ఎందుకుంటుంది? 1997లో చికాగో విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు, బల్ల మీద ఒలికిన కాఫీ మరకలను పరిశీలించి ఈ గుట్టు విప్పారు. చుక్క అంచు అద్దాన్ని పట్టుకుని కదలదు. అక్కడ నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చటానికి మధ్యనున్న నీరు అంచుకు పారుతుంది. పోతూ పోతూ తనలోని నలుసులను కూడా మోసుకుపోయి అక్కడ పోగు చేస్తుంది. గుడ్డ వెళ్లిన దారిలో మిగిలిపోయే సన్నని నీటి గీతలు కూడా ఇలాగే ఆరి, చారలవుతాయి.

చారలుంటే కారు నడవదా ఏం, అనకండి. రాత్రి వేళ ఎదురుగా లారీ వచ్చినప్పుడు దాని దీపాల వెలుగు ఆ లవణపు రేణువుల మీద పడి అన్ని వైపులకూ చెదురుతుంది. అద్దం యావత్తూ తెల్లని తెరలా అయిపోతుంది. ఆ తెర వెనక సైకిలు మీద పోయేవాడో, రోడ్డు దాటే ముసలమ్మో వుంటే డ్రైవరుకు కనిపించరు. పొద్దున, సాయంత్రం సూర్యుడు ఎదురుగా వున్నప్పుడూ ఇంతే.

ఈ కష్టం కళ్లారా చూసిన మనిషి అమెరికాలో అలబామా రాష్ట్రానికి చెందిన మేరీ అండర్సన్. ఆమె న్యూయార్కు వెళ్లినప్పుడు, మంచు పడుతూ వుంటే దారి కనిపించక, ట్రాము డ్రైవరు ముందు అద్దం తెరుచుకుని చలిలో బండి నడపటం చూసింది. లోపల మీట తిప్పితే బయట రబ్బరు పట్టీ అద్దాన్ని తుడిచే సాధనం కల్పించి, 1903లో పేటెంటు పొందింది. పాపం, దాని మీద ఆమెకు డబ్బేమీ రాలేదు. ఈనాడు కార్లకు వుండే వైపర్లు చేసే పని అదే.

వైపరు అందని చోట మన చేతులే గతి. మొదట కారును నీడన పెట్టించండి. ఎండలో కాలిన అద్దం మీది నీరు మీ గుడ్డ అందుకోక ముందే ఆరిపోతుంది. తరువాత ధారాళంగా నీళ్లు పోసి దుమ్ము పోగొట్టాలి. చాలామంది పొడి గుడ్డతో దుమ్ము దులుపుతారు. అంతకంటె చెడ్డ పని లేదు. ఇసుక రేణువు గాజు కంటె గట్టిది. గీత పడిందా, ఇక ఎన్ని నీళ్లు పోసినా పోదు. ఒంటి సబ్బు కూడా వద్దు. బోరు నీళ్లలో అది తెట్టు కడుతుంది.

గుడ్డలు రెండు కావాలి, కడగటానికి ఒకటి, ఆరకముందే నీటిని పీల్చెయ్యటానికి పొడిది ఒకటి. తాతగారి పాత పంచె ముక్క, ఎన్నోసార్లు ఉతికి మెత్తబడినది, శ్రేష్ఠం. గంజి పెట్టినది మాత్రం పనికిరాదు. ఆ గంజే అద్దం మీద పొర కడుతుంది. కొత్త గుడ్డ నూగు రాలుస్తుంది. ఇప్పుడు మైక్రోఫైబరు గుడ్డలు వస్తున్నాయి. వాటి పోగులు తల వెంట్రుక కంటె ఎంతో సన్నం, నీటిని చక్కగా పీలుస్తాయి. పాత వార్తాపత్రిక కాగితమూ మంచిదే, కాని చేతులు నల్లబడితే అమ్మ పెట్టే చీవాట్లు మీవే.

లోపలి వైపు సంగతి వేరు. అక్కడ వుండేది ఎక్కువగా జిడ్డు. ఎండకు కారులోని ప్లాస్టిక్కు సామాను వేడెక్కి కంటికి కనబడని ఆవిరులు వదులుతుంది. అవి అద్దానికి అంటుకుంటాయి. మీ చేతి జిడ్డు కూడా వుంటుంది. మీరు వేలితో వేసిన బొమ్మలు, మళ్లీ అద్దానికి ఆవిరి పట్టినప్పుడు తిరిగి కనబడటానికి కారణం అదే!

ఇంకొక చిట్కా. బయటి వైపు అడ్డంగానూ, లోపలి వైపు నిలువుగానూ తుడవండి. చివరకు చార కనిపిస్తే, అది ఏ వైపుదో దాని వాలే చెబుతుంది. దాని కోసం కారులోకీ బయటికీ పదిసార్లు తిరగనక్కరలేదు.