కొండయాత్రకు ముందు వేయవలసిన పద్దు

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి ఎత్తనగా ఏటిగట్టే. రాజమహేంద్రవరము సముద్రమట్టమునకు ఇంచుమించు 14 మీటర్ల ఎత్తున మాత్రమే ఉన్నది. కోనసీమలో పెక్కు గ్రామములకు ఆ మాత్రమైనను లేదు. అట్టి పల్లపుసీమ నుండి నేడు ఉపాధ్యాయులు, చిన్న ఉద్యోగులు, కళాశాల విద్యార్థులు, కొందరు రైతులును జట్టుగా కూడి హిమాలయములకు పోయి, మార్గదర్శకుని వెంట నాలుగైదు దినములు కొండలపై నడచి వచ్చుచున్నారు. దీనిని ట్రెక్కింగు అందురు. పూర్వము మన పెద్దలు బదరీ కేదారములకు కాలినడకనే పోయిరి గనుక, పేరు క్రొత్తదే గాని పని క్రొత్తది కాదు.

ఈ యాత్రకెంత సొమ్ము కావలెనని అడుగువారు పలువురు. ప్రకటనలో కనిపించు రుసుమే యాత్రావ్యయమని వారికి తోచును. మేము వేసి చూచిన లెక్కలో ఆ రుసుము మొత్తము ఖర్చులో మూడవవంతైనను కాలేదు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. శిఖరము చేరుటకు కావలసిన డబ్బును మాత్రమే లెక్కించినవాడు సగము లెక్కనే వేసినవాడు. చేరకుండ నడుమనే మరలి వచ్చుటకు కావలసిన డబ్బును గూడ పద్దులో వ్రాసికొనవలెను. ఆ పద్దు లేకపోవుట వలన ప్రాణాపాయము కలుగుటకును అవకాశమున్నది. అది ఎట్లో ముందు వివరింతుము.

ఉదాహరణమునకు కేదారకంఠ యాత్రను తీసికొందము. ఇది ఉత్తరాఖండ్ రాష్ట్రములో ఉత్తరకాశీ జిల్లాలోని కొండ. ఎత్తు సుమారు 3,800 మీటర్లు. మొదటిసారి పోవువారు సాధారణముగా ఎంచుకొను మార్గములలో ఇదియొకటి. రాజమండ్రిలో ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినచో ఢిల్లీ చేరుటకు రమారమి 1,900 కిలోమీటర్లు. అక్కడి నుండి డెహ్రాడూన్. అక్కడి నుండి సాంక్రీ అను గ్రామమునకు జీపులో కొండదారిని ఇంచుమించు 200 కిలోమీటర్లు. మన చదునునేలపై మూడు నాలుగు గంటలలో ముగియు ఆ దూరమునకు అక్కడ పగలంతయు పట్టును. నడక సాంక్రీలో మొదలగును.

ఎనమండుగురు గల జట్టు పోవుచున్నదనుకొందము. ఒక్కొక్కరికి రానుపోను రైలు, జీపు ఖర్చులు 6,500 రూపాయలు. మార్గదర్శక సంస్థకు 10,000. దానిపై అయిదు శాతము జి.ఎస్.టి. 500. బూట్లు, ఉన్ని దుస్తులు, అద్దె సామగ్రి కలిపి 5,000. సామాను మోతకు 1,500. దారిలో భోజనము, ఢిల్లీ డెహ్రాడూన్‌లలో బస 2,500. వైద్యపరీక్ష, మందులు, బీమా 1,000. సహాయకులకు బహుమానము 1,000. వెరసి 28,000 రూపాయలు. ఇవి మచ్చునకు వేసిన అంకెలు. ధరలు ఏటేట మారును, లెక్క వేయు పద్ధతి మాత్రము మారదు. ఈ మొత్తమునకు అయిదవవంతు, అనగా 5,600, అక్కర నిధిగా చేర్చినచో తలకు 33,600 అగును. చాలమంది చివరి పద్దును చూడగనే పెన్సిలుతో కొట్టివేయుదురు. మేము మొదట వ్రాయవలసినది అదియే అనుచున్నాము.

ఏలననగా, 2,500 మీటర్లు దాటిన తరువాత గాలిలో ప్రాణవాయువు పలుచబడుటచే కొందరికి కొండజబ్బు కలుగును. తలనొప్పి, వికారము, అన్నము సహింపకుండుట, నిద్రపట్టకుండుట దీని తొలి లక్షణములు. ఇది బలహీనులకే వచ్చునని తలచుట పొరపాటు, వస్తాదులకును రావచ్చును. లక్షణములున్నప్పుడు ఇంకను పైకి పోరాదు. అవి ముదిరినచో వెంటనే క్రిందికి దిగవలెను. దిగుటయే దీనికి ముఖ్యమైన చికిత్స. ఆలస్యమైనచో ఊపిరితిత్తులలోను మెదడులోను నీరుచేరి ప్రాణము పోవచ్చును. 3,000 మీటర్లు దాటిన తరువాత ఒక రాత్రి పడకకును మరునాటి పడకకును 500 మీటర్లకు మించిన ఎత్తు తేడా లేకుండ చూచుకొనవలెనని వైద్యులు చెప్పుదురు. ఒక దినము తగ్గించి, రుసుమును తగ్గించి చూపు యాత్రలు గలవు. ఆ తగ్గిన దినము తరచుగా శరీరము ఎత్తునకు అలవాటుపడవలసిన దినమే.

ఇప్పుడు మన జట్టులోని ఒకనికి రెండవ రాత్రి తలనొప్పి పట్టినదనుకొనుడు. చేతిలోని సొమ్మంతయు ముందే చెల్లించినవాడైనచో ఏమి చేయును? ఇంత ఖర్చుపెట్టి, ఇంటిలో ఇందరికి చెప్పి వచ్చి, రేపటి శిఖరము నేడు వదలుకొందునా యని నొప్పిని దాచును. మనవారిలో మొగమాటము ఒక పాలు ఎక్కువ. తనవలన జట్టంతయు ఆగునేమోనని గూడ దాచును. ఎవరు దింపుకొని పోవుదురు, జీపు బాడుగ ఎవరిత్తురు, క్రొత్త టిక్కెట్టు ఎవరు కొందురు అను ప్రశ్నలకు గుడారములో అర్ధరాత్రి జవాబు దొరకదు. అది రాజమండ్రిలోనే, బయలుదేరకమునుపే, కాగితముపై వ్రాసి యుండవలెను: దిగవలసి వచ్చినవానికి తోడుగా ఒక సహాయకుడు దిగును, ఖర్చంతయు అక్కర నిధి భరించును, అతడు ఒక్క రూపాయియైన అదనముగా ఇయ్యనక్కరలేదు. ఎనమండుగురి నిధి కలిపి 44,800 రూపాయలు. అది ఒకరిద్దరిని సుఖముగా ఇల్లు చేర్చుటకు చాలును.

వాతావరణము సంగతియు ఇంతే. 2024 జూన్ మొదటివారములో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాళ్ మార్గమున 22 మంది గల జట్టు ఒకటి మంచుతుపానులో చిక్కుకొన్నది. అందు తొమ్మండుగురు మరణించిరి. తక్కినవారిని సైనిక విమానదళమువారును విపత్తు సహాయక దళమువారును రక్షించిరి. ఆ జట్టువారిలో పెక్కుమంది కర్ణాటకము నుండి పోయినవారు. అది జూన్ నెల. మనకు రోహిణీకార్తె ఎండలు కాయు రోజులు. కావున ఎత్తుకొండపై ఋతువును మన పంచాంగముతో కొలువరాదు. ఒక దినము గుడారములోనే కూర్చుండవలసి వచ్చినను తిరుగు రైలు తప్పిపోకుండునట్లు పద్దులో ఒకటి రెండు దినముల ఎడము ఉంచవలెను.

ఇక మార్గదర్శకుని మాట. రెండు సంస్థల రుసుములలో మూడువేల తేడా కనిపించినప్పుడు తక్కువదాని వైపు చేయి పోవుట సహజము. ఆ మూడువేలు ఎక్కడ మిగిల్చిరో అడుగవలెను. ఎందరికి ఒక మార్గదర్శకుడు? ఒకడు దిగినచో తక్కినవారికి ఎవరు మిగులుదురు? వారికి ప్రథమచికిత్స తెలియునా? 1965లో స్థాపింపబడిన ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలోనో, 1954లో ఏర్పడిన డార్జిలింగు సంస్థలోనో శిక్షణ పొందినవారా? ప్రాణవాయువు సీసా వెంట నుండునా? ఈ ప్రశ్నలకు సూటిగా జవాబిచ్చువారికి మూడువేలు ఎక్కువ ఇచ్చుట నష్టము కాదు.

మూటలు మోయువారి కూలి మరియొక చోటు. 1830 మే 18న చెన్నపట్టణమున బయలుదేరి మరుసటి సంవత్సరము సెప్టెంబరు 3న తిరిగి చేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తమ కాశీయాత్ర చరిత్రలో దారులు, మజిలీలతో బాటు పల్లకి మోయు బోయీల సంగతులను గూడ విడువక వ్రాసిరి. యాత్ర నడచునది మోయువారి భుజములపైననే అని ఆయన ఎరుగును. నేపాలులో కూలి మోయు బరువు 30 కిలోలు దాటరాదని కూలీల సంరక్షణకై పనిచేయువారు చెప్పుదురు. మన మూట మోయువానికి రాత్రి కప్పుకొనుటకు దుప్పటి, కాలికి బూట్లు, బీమా ఉన్నవా అని కనుగొనుడు. బహుమానపు సొమ్మును సంస్థవారి చేతికి గాక మోసినవారి చేతికే ఇయ్యవలెను.

బట్టల విషయమున డెల్టావారికి తొందరపాటు ఎక్కువ. ఇంటిలో ఉన్నిబట్ట యనునది మఫ్లరు తప్ప ఉండదు గనుక, ఒక్కసారిగా దుకాణము మీద పడుదురు. దళసరి కోటు, చేతికర్ర, మంచుపై జారకుండ బూట్లకు తగిలించు ముళ్ళు సాంక్రీలో అద్దెకు దొరకును. బూట్లు మాత్రము సొంతముగా కొనవలెను, రెండు నెలలు ముందుగా కొనవలెను. క్రొత్త చెప్పు కరచునని మనకు తెలిసినదే. కొండపై కరచినచో యాత్ర అక్కడితో ముగియును. ఆ రెండు నెలలును వానితోనే ఉదయమున ఏటిగట్టుపై నడచి, ఆదివారములందు వీపున మూటతో కోరుకొండ మెట్లెక్కుచు దిగుచు ఉండవలెను. దీనికి ఖర్చు లేదు. 2014 మే 25న ఎవరెస్టు నెక్కిన తెలుగు పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనందకుమార్ మొదట అడుగులు నేర్చినది భువనగిరి బండపై. తరువాతనే డార్జిలింగు, లడఖ్.

సొమ్ము కూర్చుటకు పాటలేని చీటీ మంచిది. నెలకు 2,800 చొప్పున పండ్రెండు నెలలు వేసినచో 33,600 సరిగా అగును. సార్వా పంట అమ్మిన డబ్బుతో పోదమని రైతు మిత్రులందురు గాని, కోసి, నూర్చి, గాదెకెత్తువరకు దానిని లెక్కలోనికి తీసికొనరాదు. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమలో ఏమి మిగిల్చెనో చూచినవారికి మేము చెప్పనక్కరలేదు.

డిసెంబరు చివర బయలుదేరవలెనన్నచో చీటీ మొదటి వాయిదా ఆ యేటి జనవరిలోనే పడవలెను. వైద్యపరీక్ష సెప్టెంబరులో, రక్తపుపోటు, ఉబ్బసము ఉన్నవారు సంస్థకు డబ్బు కట్టకమునుపే వైద్యుని అడుగవలెను. బూట్లు అక్టోబరు మొదట. రైలు టిక్కెట్లు 2024 నవంబరు నుండి 60 దినములు ముందుగా మాత్రమే ఇచ్చుచున్నారు గనుక, ఆ సొమ్ము అక్టోబరు మూడవవారమునాటికి కోశాధికారి చేతిలో నుండవలెను. అక్కర నిధిని విడిగా బ్యాంకులో వేసి, జట్టులో ఇద్దరికి తీయు అధికారమీయవలెను. ఒక్కరికే ఇచ్చినచో తలనొప్పి ఆయనకే పట్టవచ్చును. తిరిగి వచ్చిన వారములోపల లెక్క చదివి, మిగిలినది ఎనిమిది సమభాగములు చేయవలెను. నడుమ దిగి వచ్చినవానికిని అందరితో సమానముగా ఒక భాగము.