సంతానలేమి.. పరీక్ష భర్తకూ అవసరమే

సుల్తాన్‌బజార్: పెళ్లయి ఏడాది దాటినా కడుపు పండకపోతే ముందుగా ఆసుపత్రి మెట్లెక్కేది భార్యే. ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్న సుల్తాన్‌బజార్ అయినా, మారుమూల పల్లె అయినా ఇదే తీరు. రక్త పరీక్షలు, స్కానింగ్‌లు, మొక్కులు, నిందలు అన్నీ ఆమెకే. కాగా సంతానం లేని దంపతుల్లో దాదాపు సగం మందిలో కారణం పూర్తిగానో, కొంతగానో పురుషునిలోనే ఉంటుందని వైద్యశాస్త్రం చెబుతోంది. దానిని తెలుసుకునేందుకు తొలి మెట్టు వీర్య పరీక్ష. కోత లేదు, సూది లేదు. అయినా వెనుకంజ వేసేవారే ఎక్కువ.

వీర్యంలో కణాల వాటా నూటికి 5 పాళ్లు మించదు. మిగిలినది ప్రధానంగా వీర్యకోశాలు, ప్రోస్టేట్ గ్రంథి స్రవించే ద్రవమే. అందువల్ల చిక్కదనాన్ని బట్టి సామర్థ్యాన్ని అంచనా వేయలేం. కణాలు అసలే లేని వీర్యమూ కంటికి మామూలుగానే కనిపించవచ్చు. ఎన్నో చుక్కల రక్తం ఒక చుక్క వీర్యమవుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. గోడల మీద ప్రకటనలు రాయించే వారికి మాత్రం అది అన్నం పెడుతోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ప్రమాణాల ప్రకారం కనీస పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు కణాలు 1.6 కోట్లు, చలనం ఉన్నవి 42 శాతం ఉండాలి. సరైన ఆకృతి కలవి నూటికి 4 ఉన్నా చాలు. రిపోర్టులో 96 శాతం లోపమని చూసి హడలిపోనవసరం లేదు. ఇంతకు తగ్గితే పిల్లలు పుట్టరనీ అర్థం కాదు. 2 నుంచి 7 రోజుల విరామం తర్వాత నమూనా ఇవ్వాలి, గంటలోపు ల్యాబుకు చేరాలి.

ఒక్క కణం తయారు కావడానికి 70 రోజులకు పైగా పడుతుంది. రెండు నెలల కిందటి తీవ్ర జ్వరం నేటి రిపోర్టులో సంఖ్యను తగ్గించి చూపవచ్చు. అందుకే ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకుండా మళ్లీ చేయిస్తారు. మందుల ఫలితమూ మూడు నెలలకు గాని తేలదు. పది రోజుల్లో కణాలు పెంచుతామనే వారి మాటలు ఎంత నిజమో దీన్నిబట్టే గ్రహించవచ్చు.

వృషణాలు శరీరం కంటే 2 నుంచి 4 డిగ్రీలు చల్లగా ఉండాలి. పొగతాగడం, నరాల ఉబ్బు (వెరికోసీల్) హాని చేస్తాయి. కండల కోసం తీసుకునే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు మగతనం పెంచుతాయనుకుంటారు గాని, కణాల ఉత్పత్తిని సున్నాకు చేర్చగలవు. కణాలు లేని కొందరిలో వై క్రోమోజోములో ముక్కలు లోపించినట్లు హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన అధ్యయనంలో వెల్లడించారు. అటువంటి వారిలో కొందరికి ఇక్సీ పద్ధతిలో బిడ్డ కలగవచ్చు. అయితే కొడుకు పుడితే ఆ లోపం అతనికీ సంక్రమిస్తుంది.