పడకపుండు లోపలే మొదలవుతుంది

మంచాన పడ్డ నాన్నకు రోజూ స్పిరిట్‌తో వీపు తుడిచి, పౌడరు రాసి, మర్దన చేస్తున్నా నడుము కింద పుండెందుకు పడిందని ఒక పాఠకురాలు అడిగారు. అమ్మా, మీ సేవలో లోపం లేదు. రుద్దితే పుండు పడదన్న పాత నమ్మకంలోనే ఉంది.

వెల్లకిలా పడుకున్నప్పుడు ఎముకకూ పరుపుకూ మధ్య కండ నలుగుతుంది. 1930లో యూజీన్ లాండిస్ అనే శాస్త్రవేత్త గోటి మొదట్లోని కేశనాళికల్లో రక్తపీడనం కొలిచాడు. ధమని వైపు సుమారు 32 మిల్లీమీటర్ల పాదరసం, అంతే! పైబరువు దాన్ని మించి గంటల తరబడి నిలిస్తే నాళాలు మూసుకుపోయి ఆక్సిజన్ అందదు. మనం నిద్రలో తెలియకుండానే ఒత్తిగిల్లుతాం, పక్షవాత రోగికి ఆ వీలు లేదు. పైగా ఆక్సిజన్ లేకపోతే చర్మం కన్నా కండే ముందు చస్తుంది. అందుకే లోతైన పుండు చాలాసార్లు ఎముక పక్కనే మొదలై, పైకి కనిపించేసరికి లోపలంతా పాడై ఉంటుంది.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది జారుడు. తలవైపు మంచం ఎత్తితే మనిషి కిందికి జారతాడు. చర్మం దుప్పటికి అతుక్కుని ఉండిపోతుంది, ఎముక మాత్రం లోపల కదులుతుంది. మధ్యలోని నాళాలు సాగి, వంగి, తక్కువ ఒత్తిడికే మూసుకుపోతాయి.

ఇక్కడ మహామహులే పొరబడ్డారు. వెన్నుపాము దెబ్బతింటే ఆ నరాల లోపం వల్లే పుండు పుడుతుందని పారిస్‌లో పేరుమోసిన నరాల వైద్యుడు షార్కో నమ్మాడు. నిజానికి అంతకుముందే, వెన్నుపాము తెగిన జంతువులను ఒత్తిడి, తడి లేకుండా చూసుకుంటే పుండ్లు పడవని బ్రౌన్-సెకార్ అనే శాస్త్రవేత్త చూపించాడు. అయినా షార్కో మాటే చాలాకాలం చెల్లింది.

ఇంగ్లండులో డొరీన్ నార్టన్ అనే నర్సు పుండ్లను ఎలా ఆపాలన్న ప్రశ్నను వృద్ధుల వార్డులోనే పరిశీలనకు పెట్టింది. 1962లో సహచరులతో కలిసి వెలువరించిన నివేదికలో తేలింది ఇదే: తరచూ పక్క మార్చిన రోగులకు పుండ్లు తగ్గాయి. ఒంటి స్థితి, మానసిక స్థితి, నడక, కదలిక, మలమూత్రాలపై అదుపు అనే ఐదు అంశాలకు మార్కులేసి, 20కి 14 లేదా అంతకన్నా తక్కువ వస్తే ప్రమాదమని ఆమె చెప్పిన కొలత ఇప్పటికీ వాడుకలో ఉంది. రోజూ చేసే పనినే ప్రశ్నించి లెక్క తీయడం ఎంత గొప్ప పరిశోధన!

రెండు గంటలకోసారి పక్క మార్చాలన్న నియమాన్నీ నర్సులు ప్రశ్నించకుండా వదల్లేదు. అమెరికా, కెనడా వృద్ధాశ్రమాల్లో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, దట్టమైన ఫోమ్ పరుపుల మీద 2, 3, 4 గంటలకోసారి తిప్పినా పుండ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మామూలు దూది పరుపుకు మాత్రం దీన్ని వర్తింపజేయకండి.

ఎర్రబడిన చోట రుద్దకండి, అప్పటికే దెబ్బతిన్న కండ ఇంకా చితుకుతుంది. మన చామనఛాయ ఒంట్లో ఎరుపు సరిగా కనిపించదు కాబట్టి, పక్క చర్మం కన్నా వేడిగా, గట్టిగా ఉందేమో చేత్తో తాకి చూడండి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడండి. మధ్యలో రంధ్రం ఉన్న గాలి రింగు వద్దే వద్దు. దాని అంచు చుట్టూ నొక్కి, నడిమి భాగానికి రక్తం అందనివ్వదు. అయినా దాన్ని ఇంకా కొనిపిస్తూనే ఉన్నారు.