ప్లాట్‌ఫాం పొడుగు, బండి కదలిక

ఖరగ్‌పూర్ వాళ్ళకి ఒక అంకె కంఠతా వస్తుంది: 1072.5. మా స్టేషను ప్లాట్‌ఫాం పొడుగు, మీటర్లలో. చాలా ఏళ్ళు ప్రపంచంలో అంతకన్నా పొడుగైంది లేదు. 2013లో గోరఖ్‌పూర్ 1366 మీటర్లతో దాటేసింది, 2023లో హుబ్బళ్ళి 1507 మీటర్లతో దాన్నీ దాటేసింది. అయినా గోల్‌బజార్ టీ కొట్ల దగ్గర "ఇప్పటికీ మనదే నంబర్ వన్" అనే మావయ్యలు ఉన్నారు. వాళ్ళతో వాదించి లాభం లేదు.

ఆ ప్లాట్‌ఫాంతో నాకు ఇక్కడ వేరే పని ఉంది. అది ఎంత పొడుగుదైనా, నిలబడ్డ బండి కదిలితేనే వెనక బండికి చోటు. కుక్కల షెల్టరు సంగతీ అంతే.

2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. బడులు, ఆసుపత్రులు, బస్ డిపోలు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోంచి వీధికుక్కల్ని తీసి షెల్టర్లలో పెట్టాలి, ఆపరేషనూ టీకా అయ్యాక కూడా వాటిని మళ్ళీ అక్కడే వదలకూడదు. అంతకు ముందు ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో, ఇష్టమున్నవాళ్ళు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టి వీధికుక్కని దత్తత తీసుకోవచ్చనీ, అది తిరిగి వీధికెక్కకుండా చూసుకునే బాధ్యత వాళ్ళదేననీ చెప్పింది. ఈ రెండూ కలిపి చదవాలి. మొదటిది షెల్టరు లోపలికి తలుపు, రెండోది బయటికి తలుపు.

చిన్న లెక్క వేద్దాం. వంద కుక్కలకు చోటున్న షెల్టరు ఒకటి ఉందనుకోండి. వారానికి 5 కుక్కలు వస్తున్నాయి, ఒక్కటీ పోవడం లేదు. 20 వారాల్లో, అంటే 5 నెలలు తిరక్కుండానే, నిండిపోతుంది. వారానికి 4 దత్తతకు వెళితే? నికరంగా వచ్చేది ఒకటే కాబట్టి నిండటానికి 100 వారాలు, సుమారు రెండేళ్ళు పడుతుంది. 5 వెళితే ఎప్పటికీ నిండదు. ఇంకో వంద గదులు కట్టిస్తే దొరికేది 20 వారాల గడువు. వారానికి నాలుగు ఇళ్ళు తలుపు తీస్తే దొరికేది 80 వారాలు. ఇటుకా సిమెంటూ అక్కర్లేదు.

అందుకే షెల్టరు నుంచి ఒక కుక్కని తెచ్చుకుంటే లెక్కలో రెండు కుక్కలు పడతాయి: ఇంటికి వచ్చింది ఒకటి, దాని చోట్లోకి వెళ్ళింది ఒకటి.

అలాగని దత్తతతో వీధులు ఖాళీ అవుతాయని నేను చెప్పను. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద వీధికుక్కలు 1.53 కోట్లు. 2012లో 1.71 కోట్లు ఉండేవి. ఇంత పెద్ద అంకెని దించాల్సింది గర్భనిరోధక ఆపరేషన్లూ, చెత్తకుప్పల మీద అదుపూ. కోట్ల దగ్గర దత్తత తేలిపోతుంది. దాని ఫలం కనపడేది చిన్న అంకెల్లో.

మన పెద్దవాళ్ళు చిత్తకార్తె కుక్కలని ఊరికే అనలేదు. చిత్తకార్తె అక్టోబర్ నడిమికి వస్తుంది. కుక్క కడుపుతో ఉండేది సుమారు 63 రోజులు. అంటే ధనుర్మాసం మొదలయ్యే వేళకి ఈతలు. గోల్‌బజార్‌లో కూరగాయల గోనెసంచుల చాటున, క్వార్టర్ల వెనక మెట్ల కింద, సంక్రాంతి నాటికి కళ్ళు తెరిచిన బుడతలు కనపడతాయి. శివరాత్రికి వాటికి రెండు నెలలు దాటుతాయి. తల్లిని వదలగల వయసు అదే.

మరి ఆ శివరాత్రి దాటి ఎన్ని బతుకుతాయి? మన పశ్చిమ బెంగాల్లోనే దీని మీద పని జరిగింది. మోహన్‌పూర్‌లోని ఐసర్ కోల్‌కతా పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం ఏళ్ళ తరబడి వీధికుక్కల వెంట తిరుగుతోంది. ఐదు ఈతకాలాల పాటు 95 ఈతల్లో 364 పిల్లల్ని వాళ్ళు గమనించారు. పిల్లలు కనే వయసుదాకా బతికినవి నూటికి 19. అంటే 364లో సుమారు 69. పోయినవాటిలో నూటికి 63 చావులకు మనిషి ప్రమేయం ఉందని 2016లో అచ్చయిన ఆ పరిశోధన చెబుతుంది.

ఈ 19 అన్న అంకెని రెండు వైపుల నుంచీ చూడాలి. రెండు నెలల పిల్లని ఇంటికి తెస్తే, తక్కిన 81లో కలిసిపోయే ముప్పున్న ప్రాణాన్ని పక్కకి తీసినట్టు. ఇది అందరికీ తోచేదే. రెండో వైపు ఎవరూ చూడరు. వీధిలో రెండేళ్ళు బతికి షెల్టరుకు చేరిన పెద్ద కుక్క ఆ 19లోది. జబ్బుల్నీ, బళ్ళనీ, మనుషుల్నీ దాటుకుని వచ్చింది. ఎంత పెరుగుతుందో కళ్ళముందే ఉంది, స్వభావం ఏమిటో షెల్టరు వాళ్ళు చెప్పగలరు, చెప్పులు కొరికే వయసు దాటిపోయింది. అయినా జనం పిల్లల్నే ఎత్తుకుంటారు, పెద్దవి జాలీ వెనక ఉండిపోతాయి. నన్నడిగితే, కొత్తగా కుక్కని పెంచేవాళ్ళకి రెండు మూడేళ్ళదే సుఖం.

మాది అలా వచ్చిందే. గోల్‌బజార్ మాంసం కొట్ల వెనక మోటారు సైకిలు తగిలి వెనక కాలు విరిగితే, ఒక బెంగాలీ టీచరమ్మ తన వరండాలో ఉంచి కట్టు కట్టించింది. బెంగాలీలో వీధికుక్కల్ని నేడి కుకుర్ అంటారు, కాస్త చులకనగానే. కాలు అతుక్కున్నాక మేం తెచ్చుకున్నాం. ఒళ్ళంతా నలుపు, రైల్వే ఊరు, అందుకని బొగ్గు అని పేరు పెట్టాం.

మొదటి రోజు మంచం కిందికి దూరింది. అన్నం పెడితే తినలేదు. రెండో రోజు గిన్నె దాకా వచ్చి, ప్రెషర్ కుక్కర్ విజిల్ వెయ్యగానే మళ్ళీ మంచం కిందికి. రాత్రంతా నిద్రపోకుండా గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. యార్డులో ఇంజను కూతకి చెవి కూడా ఆడించలేదు గానీ, ఫ్యాను స్విచ్చి వేస్తే ఉలిక్కిపడింది. "కుక్కని తెచ్చారా, అలకపాన్పు ఎక్కిన అల్లుణ్ణి తెచ్చారా?" అన్నారు మా అత్తగారు. నాలుగో రోజు పొద్దున్నే ఆవిడే వంటగదిలోంచి పిలిచారు. నేలమీద బొగ్గు వెల్లకిలా పడి నిద్రపోతోంది, నాలుగు కాళ్ళూ గాల్లో.

షెల్టరు వాళ్ళ వాడుకలో మూడు-మూడు-మూడు అని ఒక మాట ఉంది. బెరుకు తీరడానికి 3 రోజులు, ఇంటి పద్ధతి పట్టుకోవడానికి 3 వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి 3 నెలలు. పరిశోధనలో తేలిన సూత్రమేమీ కాదు, అనుభవం మీద వేసుకున్న అంచనా. కానీ మూడో రోజునే "ఇది మనకి అలవాటయ్యేలా లేదు" అని తిరిగి ఇచ్చేసేవాళ్ళకి ఈ మాట ముందే చెవిన పడితే మంచిది.

ఇల్లు దొరికితే కుక్క లోపల ఏమవుతుందో కొలిచినవాళ్ళు ఉన్నారు. అమెరికాలో 5 షెల్టర్లలోని 207 కుక్కల్ని ఒకటి రెండు రాత్రులు మనుషుల ఇళ్ళలో పడుకోనిచ్చి, మూత్రంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను చూశారు. ఇంట్లో ఉన్నప్పుడు అది తగ్గింది. షెల్టరుకు తిరిగి వెళ్ళాక మళ్ళీ మొదటి స్థాయికే వచ్చింది. ఇది 2019 నాటి అధ్యయనం. భద్ర బృందం మన వీధికుక్కల మీదే చేసిన ఇంకో పరిశోధన 2017లో వచ్చింది. కొత్త మనిషి పదేపదే తిండి పెట్టినప్పటికన్నా, పదేపదే తల నిమిరినప్పుడు కుక్కలు ఎక్కువ నమ్మాయి. రోజూ బిస్కెట్టు విసిరి వెళ్ళే మనం దీని గురించి కాస్త ఆలోచించుకోవచ్చు.

తిండి ఖర్చు గురించి అందరూ అడుగుతారు. ప్యాకెట్ తిండి ధర చూసి భయపడేవాళ్ళకి వంటింటి లెక్క చెబుతాను. 15 కిలోల, ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకి రోజుకి సుమారు 850 కేలరీలు కావాలి. 100 గ్రాముల బియ్యం వండితే 350. రెండు గుడ్లు 140. ఎముక లేని కోడిమాంసం 200 గ్రాములు 240. ఒక పెద్ద చెంచా నూనె 120. నాలుగు గుమ్మడికాయ ముక్కలు వేస్తే సరి. రెండు పూటలకి పంచాలి. కాల్షియంలాంటి లోట్లు ఈ గిన్నె తీర్చదు, అవి పశువైద్యుణ్ణి అడిగి కలపాలి. ఒక్క జాగ్రత్త మాత్రం మన వంటిళ్ళకి ప్రత్యేకం: ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కకి విషం. మనం తినగా మిగిలిన కూర అన్నంలో కలిపి పెడితే ప్రేమ కాదు. ఉడికిన కోడి ఎముకలు కూడా వద్దు, పుల్లల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఇక మనకి ఏం లాభం? ఈ ప్రశ్నకి పత్రికల్లో తరచు కనపడే అంకె స్వీడన్ నుంచి వచ్చింది. 34 లక్షల మందిని 12 ఏళ్ళ పాటు రికార్డుల్లో చూసి 2017లో ప్రకటించారు. ఒంటరిగా ఉండేవాళ్ళలో, కుక్క ఉన్నవాళ్ళు చనిపోయే ముప్పు కుక్క లేనివాళ్ళకన్నా 33 శాతం తక్కువ. పెద్ద అంకే, కానీ ఆచితూచి చదవాలి. కుక్క వల్ల ఆరోగ్యం వచ్చిందా, లేక ఆరోగ్యంగా నడవగలిగినవాళ్ళే కుక్కని తెచ్చుకున్నారా అన్నది ఆ లెక్క తేల్చదు. అవన్నీ షెల్టరు కుక్కలూ కావు. నేను చెప్పగలిగేది మా ఇంటి సంగతి. షుగరు ఉన్న మా ఆయన్ని నడవమని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. పొద్దున్న ఐదున్నరకి బొగ్గు వచ్చి చెయ్యి నాకితే లేచారు. వర్క్‌షాప్ సైరనుకి ముందే గోల్‌బజార్ చుట్టి వస్తున్నారు.

లాభాల సంగతి చెప్పి భయాల సంగతి దాటవేయడం అన్యాయం. ప్రపంచంలో ఏటా సుమారు 59 వేలమంది రేబిస్‌తో పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం కుక్కల నుంచే. కాబట్టి దత్తతలో మొదటి కాగితం టీకా కార్డు. పిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ టీకాలు మొదలవ్వాలి, మూడో నెలలో రేబిస్, తర్వాత ఏటా. ఎవరికైనా పన్ను తగిలితే ముందు సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడగాలి. పసుపూ కారమూ పెట్టడం కాదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. చర్మంలోకి ఇచ్చే సూదులైతే 0, 3, 7, 28 రోజుల్లో నాలుగు విడతలు. ధర్మరాజు కుక్క కథ చెప్పేవాళ్ళు మా పేటలో చాలామంది, కుక్క టీకా కార్డు చూపించమంటే మాత్రం చెయ్యి ఆడదు.

రైల్వే ఊరికి ఇంకో లెక్క ఉంది. ఇంట్లో కుక్క 10 నుంచి 15 ఏళ్ళు బతుకుతుంది. రైల్వేలో రిటైర్మెంటు 60కి. 55 ఏళ్ళవాడు పిల్లని తెస్తే, క్వార్టరు ఖాళీ చేసేనాటికి దానికి అయిదేళ్ళు. సామానంతా లారీకెక్కుతుంది, అది గేటు దగ్గర కూర్చుంటుంది. మా వరుసలోనే అలా రెండు చూశాను. తాళం వేసిన గుమ్మం ముందు నెలల తరబడి కాపలా కాశాయి. అలాంటివాళ్ళు ఎనిమిదేళ్ళ కుక్కని తెచ్చుకుంటే? దానికీ వృద్ధాప్యానికి ఒక చాప దొరుకుతుంది, వీళ్ళ లెక్కా సరిపోతుంది.

వెతకాలంటే మన లైను వెంబడే ఉన్నాయి సంస్థలు. కోల్‌కతాలో జంతుహింస నివారణ సంఘం 1861లో పుట్టింది. మన బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ కన్నా 26 ఏళ్ళు పెద్దది. అటు వెళితే విశాఖలో 1996 నుంచి వి.ఎస్.పి.సి.ఎ., ఇంకా దిగితే చెన్నైలో 1959 నాటి బ్లూక్రాస్. హైదరాబాద్‌లో అక్కినేని అమల బ్లూక్రాస్ మొదలుపెట్టింది 1992లో. అయితే విశాఖ నుంచి కుక్కని తెద్దామనుకుంటే దారి సుమారు 760 కిలోమీటర్లు. స్లీపరులోనూ త్రీటైరు ఏసీలోనూ కుక్కకి ప్రవేశం లేదు. ఫస్ట్ ఏసీలో కూపేగానీ క్యాబిన్‌గానీ మొత్తం మన పేరున ఉండాలి, లేదంటే గార్డు బోగీలో కుక్కల పెట్టె. అందుకే దగ్గర్లో ఎవరి వరండాలో ఏది కోలుకుంటోందో ముందు వాకబు చెయ్యమంటాను.

ఈ రూలు మమ్మల్నీ వదల్లేదు. సంక్రాంతికి టెక్కలి వెళ్ళాలి, మా పాసు మీద కూపే రాదు. గార్డు బోగీ పెట్టెలో బొగ్గుని ఊహించుకుంటే నాకే ఊపిరాడటం లేదు. ఎదురు క్వార్టరు పిన్ని, మొదట్లో బొగ్గు కనపడితే కొంగు పైకి దోపుకున్న మనిషి, తనే వచ్చి అడిగింది.

"నాలుగు రోజులే కదా, నా దగ్గర ఉంచెయ్యమ్మా. వచ్చేటప్పుడు పలాసలో దిగి జీడిపప్పు పట్రా."

"ఎంత పిన్నీ?"

"కిలో నాకు. దానికి వద్దులే, దాని గుడ్లు నేను చూసుకుంటాను."