ప్రళయ చిత్రాలు: భయంలోని వినోదం

నాగార్జున సాగర్ గేట్లు ఎత్తారని తెలిస్తే మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడల నుంచి జనం పిల్లాపాపలతో బయలుదేరతారు. మీలోనూ చాలామంది వెళ్లే ఉంటారు. ఆ హోరు ముందు ఒళ్లు జలదరిస్తుంది, అయినా చూపు మరల్చుకోలేం. వైజ్ఞానిక కల్పనతో తీసే ప్రళయ చిత్రాలు ఆధారపడేది ఈ అనుభవం మీదనే. తేడా ఏమిటంటే, సాగర్‌లో కట్ట నిలిచి ఉంటుంది, తెరమీద తెగుతుంది.

భయపెట్టేదాన్ని డబ్బిచ్చి ఎందుకు చూస్తాం? మన అలంకారశాస్త్రంలో దీనికి సమాధానం ఉంది. భయం భయానక రసంగా, విస్మయం అద్భుత రసంగా పరిణమిస్తాయని నాట్యశాస్త్రం చెబుతుంది. భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణం వల్ల తెరమీది భయం ఫలానా వ్యక్తిదిగా ఉండదు, మన సొంతమూ కాదు. అందుకే దాన్ని ఆస్వాదించగలం. ప్రళయ చిత్రానికి ఈ రెండు రసాలూ కావాలి. అద్భుతం లోపిస్తే మిగిలేది వార్తాచిత్రమే.

'శాన్ ఆండ్రియాస్' (2015)లో భూకంపానికి హూవర్ ఆనకట్ట కూలుతుంది. ఊరూపేరూ లేని చెరువుకట్ట తెగితే ప్రేక్షకుడికి అంత పట్టదు. ఎన్నటికీ కదలదనుకున్న కట్టడం కదిలితేనే విస్మయం. 124 మీటర్ల ఎత్తున, తన బరువుతోనే కృష్ణను ఆపుతున్న సాగర్ రాతికట్టను చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. అయితే భారీ ఖర్చుతో కూల్చి చూపడమే మార్గం కాదు. సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' (1991)లో కాలయంత్రం 2504వ సంవత్సరానికి చేరేసరికి అణుయుద్ధం ముగిసిపోయి ఉంటుంది. మనుషులు భూగర్భంలో బతుకుతుంటారు. విధ్వంసాన్ని ప్రేక్షకుడే ఊహించుకుంటాడు.

ఇక విజ్ఞానం సంగతి. '2012' చిత్రంలో సూర్యుడి నుంచి వచ్చిన న్యూట్రినోలు భూగర్భాన్ని మరిగిస్తాయి. నిజానికి అవి దాదాపు దేన్నీ తాకకుండా భూమిలోంచి దూసుకుపోతాయి. భౌతికశాస్త్ర విద్యార్థులు నవ్వుకోవచ్చు. కానీ కథకు కావలసింది ఒక కారణం. శాపమైతే తలవంచాలి, కారణమంటూ ఉంటే తప్పించుకునే దారి వెతకవచ్చు. ఉత్కంఠ అక్కడే పుడుతుంది.

ఆ చిత్రం విడుదలైంది 2009 నవంబరులో. అంతకు నెలన్నర ముందే కర్నూలు నగరం నీట మునిగింది. శ్రీశైలానికి దాని రూపకల్పనలో లెక్కగట్టినదాన్ని మించిన వరద వచ్చింది. ఆ నీరు చేరేది సాగర్‌కే. ఇల్లు మునిగినవారికి సాధారణీకరణం ఉండదు. 2011లో ఆనకట్ట తెగే కథతో 'డ్యామ్ 999' వచ్చినప్పుడు తమిళనాడు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ముల్లపెరియార్ ఆనకట్ట భద్రతపై కేరళతో వివాదం అప్పుడు రగులుతూనే ఉంది.